పార్కుకూ కావాలి లైఫ్ సర్టిఫికెట్

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా బ్రాడీపేటలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటున్నామో ఈ సభలో పెద్దలెవరికీ చెప్పనక్కరలేదు. వెనుక వరుసలో కూర్చున్న మనవల కోసం రెండు ముక్కలు చెబుతాను. 1982లో సరిగ్గా ఇదే తేదీన సుప్రీంకోర్టు డి.ఎస్. నకారా కేసులో తీర్పు చెప్పింది. నకారాగారు రక్షణ శాఖలో పనిచేసి 1972లో పదవీ విరమణ చేసిన అధికారి. 1979 మార్చి 31 అనే ఒక తేదీని గీతగా గీసి, దానికి ముందు రిటైరైనవారికి ఒక లెక్క, తరువాతివారికి వేరొక లెక్క అనటం న్యాయం కాదని ఆయన కోర్టుకు వెళ్లారు, గెలిచారు. పింఛను యజమాని దయతలచి ఇచ్చే ఈనాము కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు అన్న సూత్రాన్ని ఆ తీర్పు లోకానికి చాటింది. అందుకే ఈ రోజు మనకు పండుగ రోజు.

అయితే ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం పింఛను కాదు, పార్కు. నగరంలోని పార్కుల సంరక్షణలో విశ్రాంత ఉద్యోగులు స్వచ్ఛందంగా ఏమి చేయగలరన్నది అంశం. పింఛనుకూ పార్కుకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. ఉన్నది. దానికి కూడా ఒక సుప్రీంకోర్టు తీర్పే సాక్ష్యం.

బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అనే పేట ఉంది. ఆ పేట నక్షాలో పార్కు కోసమని కొంత స్థలం విడిచిపెట్టారు. కొన్నాళ్లకు ఆ స్థలాన్ని ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవటానికి కేటాయించారు. ఆసుపత్రి చెడ్డదని ఎవరంటారు? మన వయసువారైతే అసలే అనరు. అయినా ఆ పేట నివాసులు కోర్టుకు వెళ్లారు. ఈ వ్యవహారంలో మీకేం సంబంధం, మీకు కలిగిన నష్టమేమిటి అన్న ప్రశ్న వారికి ఎదురైంది. 1991లో సుప్రీంకోర్టు నివాసుల పక్షాన తీర్పు చెప్పింది. పార్కులు, ఆటస్థలాలు ప్రజల ఆరోగ్యానికి అవసరమైనవనీ, ప్రజల కోసం విడిచిన ఖాళీ స్థలాన్ని మరొకరికి మళ్లించటానికి వీల్లేదనీ, ఆ మాట అడిగే అర్హత అక్కడ నివసించేవారికి ఉన్నదనీ తేల్చింది.

కనుక పింఛను ఎటువంటి హక్కో పార్కు కూడా అటువంటి హక్కే. ఒక్క తేడా ఉంది. ఏడాదికొకసారి మనం బ్రతికి ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తే చాలు, పింఛను నెలనెలా ఖాతాలో పడుతుంది. పార్కు సంగతి అలా కాదు. పార్కు బ్రతికి ఉన్నదని రోజూ ఎవరో ఒకరు వెళ్లి సాక్ష్యం చెప్పాలి. నాలుగు నెలలు ఎవరూ అడుగుపెట్టని పార్కు అయిదో నెలకు చెత్తకుప్ప అవుతుంది. ఆ తరువాత ఎవరో ఒకరి కంటికి అది ఖాళీ స్థలంగా కనిపిస్తుంది. ఖాళీ స్థలమని పేరు పడ్డాక అక్కడ ఏది కట్టినా అడిగే దిక్కుండదు. పార్కుకు రోజువారీ లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వగల తీరిక, అనుభవం ఉన్నది మనకే అని మనవి చేయటమే నా ప్రసంగ సారాంశం.

ముందుగా మన పేట సంగతి. బ్రాడీపేటలో అడ్రసు చెప్పటం ఎంత సులువో మనకందరికీ తెలుసు. లైను నెంబరు, అడ్డరోడ్డు నెంబరు చెబితే రిక్షావాడు కళ్లు మూసుకుని దింపేవాడు. ఆ లైన్లన్నీ అలాగే ఉన్నాయి, ఇళ్లే మారిపోయాయి. ప్రహరీగోడ, గేటు పక్కన సన్నజాజి పందిరి, పెరట్లో నుయ్యి, నూతి గట్టు మీదకు వంగిన జామచెట్టు ఉన్న ఇళ్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకోండి. వాటి స్థానంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. పెరడున్న చోట కార్లు ఉంటున్నాయి. మనం నాలుగో అంతస్తులో, అయిదో అంతస్తులో కూర్చుని బాల్కనీ కటకటాల్లోంచి లోకాన్ని చూస్తున్నాం. మిరపకాయల సీజనులో యార్డు వైపు నుంచి వచ్చే ఘాటు, మే నెలలో కాంక్రీటు కక్కే వేడి, ఏడాది పొడుగునా వాహనాల పొగ, ఇవన్నీ భరిస్తున్న ఊపిరితిత్తులకు నాలుగు చెట్ల నీడ కావాలా, అక్కరలేదా? పెరళ్లు పోయాక ఊరందరికీ మిగిలిన ఉమ్మడి పెరడు పార్కు ఒక్కటే. నగరపాలక సంస్థ కార్యాలయం దగ్గరలోని గాంధీ పార్కు అయినా, ఉదయం పూట నడిచేవారితో నిండే బృందావన్ గార్డెన్స్ స్టేడియం ఆవరణ అయినా, కాలనీలో నాలుగు బెంచీలున్న చిన్న పార్కు అయినా, అన్నీ ఆ ఉమ్మడి పెరట్లో భాగాలే.

మరి ఆ పెరడును చూసుకోవలసినది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు స్పష్టంగా ఉండాలి, లేకపోతే మన మంచితనమే మనకు చేటు తెస్తుంది. గుంటూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది, 1994లో నగరపాలక సంస్థ అయింది. 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలును చేర్చింది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 పనుల జాబితా అది. అందులో 12వ అంశం పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాలు. కనుక పార్కు నిర్వహణ నగరపాలక సంస్థ బాధ్యత. మనం కట్టే ఇంటిపన్నులో దాని ఖర్చు కూడా ఉన్నది. రాజ్యాంగంలోనే 51ఎ అధికరణం పర్యావరణాన్ని కాపాడటం ప్రతి పౌరుడి ప్రాథమిక విధి అని కూడా చెప్పింది. ఒక అధికరణం వారి పనిని చెబితే, ఇంకొకటి మన పనిని చెప్పింది. ఒకటి రెండో దాన్ని రద్దు చేయదు.

ఇక్కడ ఒక సున్నితమైన మాట చెప్పాలి. కొందరికి కటువుగా తోచవచ్చు, మన్నించాలి. మనం ఉత్సాహం కొద్దీ నలభై మందిమి చీపుళ్లు, పారలు పట్టుకుని దిగామనుకోండి. నెల తిరిగేసరికి పార్కు అద్దంలా ఉంటుంది. అప్పుడు ఆఫీసులో ఎవరైనా ఒక నోటు పెట్టవచ్చు: 'అక్కడ పెద్దమనుషులు ఉచితంగా చేస్తున్నారు గనుక తోటమాలిని వేరేచోటికి పంపవచ్చు' అని. మనం ఫైళ్లు నడిపినవాళ్లమే, అటువంటి నోటు ఎంత సులువుగా తయారవుతుందో మనకు తెలియనిది కాదు. పార్కుల్లో చాలాచోట్ల పనిచేసేవారు పర్మినెంటు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మీద వచ్చినవారు. వారికి ఇంక్రిమెంటు లేదు, రిటైరైన తరువాత మనకు వచ్చినట్లు పింఛను రాదు. పింఛను మా హక్కు అని ఈ రోజు జెండా ఎత్తిన మనం, పింఛను లేని మనిషికి ఉన్న కూలిని కూడా మన ఉచిత సేవతో పోగొట్టవచ్చునా? మన పుణ్యం అతని పొట్ట కొట్టకూడదు. అందుకని మొదటి నియమం ఇది: తోటమాలి చేయవలసిన పనిని మనం చేయరాదు. అతను చేస్తున్న పనికి మనం తోడుగా నిలవాలి. అతనికి నీళ్ల గొట్టం చిరిగిపోతే, పనిముట్టు లేకపోతే, రెండు నెలలుగా కూలి అందకపోతే, ఆ సంగతి పైవారికి చేరవేయవలసినది మనం. అతన్ని పేరుపెట్టి, గౌరవంగా పిలవటం మొదటి మెట్టు.

స్వచ్ఛంద సేవ మన ప్రాంతానికి కొత్త కాదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండును తలుచుకుందాం. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశం జరిగినప్పుడు వచ్చిన జనాన్ని అదుపు చేసినది ఆ దండే. చీరాల పేరాల కథ మీకు తెలుసు. 1919లో ఆ ఊళ్లను మునిసిపాలిటీ చేసి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు ప్రజలు వద్దన్నారు. వినకపోయేసరికి 1921లో ఇళ్లూ వాకిళ్లూ విడిచి, మునిసిపల్ హద్దు దాటి, రామనగరమని పేరుపెట్టుకుని పాకలలో పదకొండు నెలల పాటు ఉన్నారు. తమ పాలన తామే చేసుకున్నారు, తగవులు తామే తీర్చుకున్నారు. ఆ కథను మనం ఎక్కువగా పన్ను ఎగవేత కథగా చెప్పుకుంటాం. నాకు అందులో ఇంకొక పాఠం కనిపిస్తుంది. మునిసిపాలిటీ అంటే పరాయి దొరల కార్యాలయం కాదు, మన అవసరాల కోసం మనం ఒప్పుకున్న ఏర్పాటు అన్నది ఆ పాఠం. ఈనాడు ఊరు విడిచిపోవలసిన పని లేదు. ఇంట్లోంచి లేచి రెండు వీధుల అవతలకు వెళ్తే చాలు.

ఆ పని ఎలా ఉంటుందో చూడాలంటే కృష్ణ దాటి చల్లపల్లికి వెళ్లాలి. కృష్ణా జిల్లాలోని ఆ ఊరిలో 2014 నవంబరు 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు, మరికొందరు జనవిజ్ఞాన వేదిక మిత్రులు కలిసి 'స్వచ్ఛ చల్లపల్లి' పనిని మొదలుపెట్టారు. తెల్లవారకముందే, నాలుగున్నర ప్రాంతంలో, ఒకచోట చేరి ఊరి రోడ్ల పక్కన చెత్త ఎత్తటం, గుంటలు తీసి మొక్కలు నాటటం, నాటిన వాటికి కంచె కట్టి నీళ్లు పోయటం వారి పని. సూర్యుడు పైకి వచ్చేసరికి ఎవరి ఇంటికి వారు, ఎవరి ఉద్యోగానికి వారు. రోడ్ల వెంట పూలచెట్లు, శ్మశానంలో తోట, చెత్త పోసే చోట పచ్చదనం వచ్చాయి. అందులో మనవంటి విశ్రాంత ఉద్యోగులు, ఉపాధ్యాయులు, గృహిణులు ఉన్నారు.

చల్లపల్లి నుంచి మనం నేర్చుకోవలసినది చెట్లు నాటటం కాదు, అది అందరికీ తెలుసు. నేర్చుకోవలసినవి మూడు. ఒకటి, ఆదివారం ఒక్కరోజు కాకుండా రోజూ వెళ్లటం. రెండు, గంటన్నరకు మించకుండా ఆపటం, మర్నాడు కూడా రావాలనిపించేలాగ. మూడు, రోజుల లెక్క రాసుకోవటం. ఇది ఎన్నో రోజు, ఎంతమంది వచ్చారు, ఏ రోడ్డులో ఏమి చేశారు అన్నది వారు తప్పకుండా నమోదు చేస్తారు. వేల రోజులు దాటిన పని ఆ లెక్క మీదే నిలబడింది.

దూరదేశం ముచ్చట కూడా ఒకటి చెప్పి వస్తాను. న్యూయార్కులో మన పిల్లలు చాలామంది ఉన్నారు గదా, మీలో కొందరు చూసే ఉంటారు, అక్కడ నగరం నడిబొడ్డున 843 ఎకరాల సెంట్రల్ పార్కు ఉంది. 1970ల్లో ఆ నగర పాలక సంస్థ దివాలా అంచుకు వచ్చినప్పుడు పార్కు పాడుపడింది. పచ్చిక పోయి మట్టి తేలింది, బెంచీలు విరిగాయి, పొద్దుగూకితే లోపలికి వెళ్లటానికి జనం భయపడ్డారు. 1980లో పౌరులు ఒక సంస్థగా ఏర్పడి, నగరపాలక సంస్థతో ఒప్పందం మీద, విరాళాలతో, స్వచ్ఛంద సేవకులతో దాన్ని మళ్లీ నిలబెట్టారు. వారు చేసిన మంచి పనుల్లో ఒకటి, పార్కును చిన్నచిన్న భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగానికి ఒక తోటమాలిని బాధ్యుడిగా పెట్టటం. ఎక్కడ చెత్త ఉన్నా అడగటానికి ఒక మనిషి ఉంటాడు, బాగుంటే మెచ్చుకోవటానికీ ఒక మనిషి ఉంటాడు. అయితే ఆ కథకు రెండో పక్క కూడా ఉంది. ఆ పార్కు చుట్టూ సంపన్నులున్నారు, విరాళాలు వచ్చాయి. అదే నగరంలో పేదల పేటల్లోని పార్కులకు అంత ఆదరణ దొరకలేదన్న విమర్శ ఇప్పటికీ ఉంది. మన సంఘం కూడా బ్రాడీపేట, అరండల్‌పేట చూసుకుని సంతృప్తి పడితే అదే మాట మనకూ తగులుతుంది. పాతగుంటూరు పిల్లలకు కూడా నీడ కావాలి.

ఇక మనం చేయగల పనుల సంగతికి వస్తాను.

మొదటిది రిజిస్టరు. నవ్వకండి. మనకు చేతనైనంత బాగా ఈ పని ఇంకెవరికీ చేతకాదు. ఒక రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు కొని పార్కుకు ఒక స్టాకు రిజిస్టరు తెరవండి. ఎన్ని చెట్లు, ఏ జాతివి, ఎక్కడ ఉన్నాయి. ఎన్ని బెంచీలు, ఎన్ని దీపాలు, ఎన్ని కుళాయిలు, గేట్లు ఎన్ని అన్నీ వరుస నెంబర్లతో రాయండి. నెలకొకసారి సరిచూడండి. 'పార్కు బాగాలేదు' అని అర్జీ రాస్తే దానికి జవాబు రాదు. 'ఉత్తరపు గేటు దగ్గర మూడో దీపం ఫలానా తేదీ నుంచి వెలగటం లేదు' అని రాస్తే జవాబు రాక తప్పదు. రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. ఒక చెట్టు మాయమైనప్పుడు, అది అక్కడ ఉండేదని చూపగలిగేది మన రిజిస్టరే. చెట్టు కొట్టటానికి ముందు అనుమతి కావాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం చెబుతున్నది. ఆ అనుమతి ఏది అని అడగాలంటే చెట్టుకు ఒక నెంబరు ఉండాలి గదా.

రెండవది చెట్ల పోషణ. జూన్ 5న పర్యావరణ దినమని మొక్కలు నాటి ఫొటోలు దిగటం మామూలైపోయింది. జూన్ 5 మనకు ఏమిటి? రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో లేత మొక్కను పాతితే అది ఎలా బ్రతుకుతుంది? మన పెద్దలు కార్తెలు చూసి నాట్లు వేశారు. మృగశిర దాటి, ఆరుద్ర వచ్చి, నేల తడిసిన తరువాత నాటితే మొక్కకు వానలు నాలుగు నెలలు దాది అవుతాయి. 1950లో కె.ఎం. మున్షీగారు వనమహోత్సవాన్ని జూలై నెలలో పెట్టింది అందుకే. మన నల్లరేగడి తత్వం కూడా గుర్తుంచుకోవాలి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. నెర్రెల్లో వేరు తెగుతుంది. అందుకని మొక్క మొదట్లో ఎండుటాకులు మందంగా పరిస్తే తడి ఆరదు, నేల పగలదు. ఆ ఆకులనే మనవాళ్లు ఊడ్చి తగలబెడతారు. ఆ పొగ పీల్చేది నడకకు వచ్చిన మనమే. చెత్తను ఆరుబయట కాల్చరాదని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు కూడా చెప్పాయి. పార్కులో ఒక మూల గొయ్యి తీయించి, ఆకులు అందులో వేయించితే మరుసటి ఏటికి ఎరువు సిద్ధం.

ఏ మొక్క అన్నది కూడా చూసుకోవాలి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ మొక్కను ఊళ్లకు ఊళ్లు నాటారు. పుప్పొడి వలన ఊపిరి ఇబ్బందులు వస్తాయనీ, వేర్లు గొట్టాలకు చేటనీ 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటవద్దన్నది. మన వేప, కానుగ, పొగడ, నేరేడు ఉండగా మనకు ఆ తొందర ఎందుకు? ఖమ్మం జిల్లా దరిపల్లి రామయ్యగారు, వనజీవి రామయ్యగా అందరికీ తెలిసినవారు, జేబులో విత్తనాలతో సైకిలు మీద తిరిగి కోటికి పైగా మొక్కలు నాటారని పేరుపొందారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025 ఏప్రిల్‌లో కాలం చేశారు. ఆయన అంత చేయలేము. ఒక్కొక్కరం ఒక్క మొక్కను మూడు వేసవులు దాటించగలిగితే చాలు. మూడు వేసవులు దాటిన చెట్టు ఇక మనల్ని అడగదు, తానే మనకు ఇస్తుంది. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు పోయనివ్వకండి, ట్యూషన్ల బోర్డులు మేకులతో కొట్టనివ్వకండి.

మూడవది కాపలా. కర్ర పట్టుకుని కాసే కాపలా గురించి కాదు నేను చెప్పేది. హైదరాబాదులోని కె.బి.ఆర్. జాతీయ పార్కు మన గుంటూరు జిల్లా మనిషి, ముఖ్యమంత్రిగా పనిచేసిన కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు మీద ఉన్నది. 2016లో ఆ పార్కు చుట్టూ ఫ్లైఓవర్ల కోసం వేల చెట్లు కొట్టే ప్రతిపాదన వచ్చినప్పుడు, రోజూ అక్కడ నడిచేవారు, చుట్టుపక్కల నివాసులు చేయీచేయీ కలిపి పార్కు చుట్టూ నిలబడ్డారు, హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి పనులు ఆపించారు. అంతమంది ఒక్కరోజులో ఎలా కూడారు? ఏళ్ల తరబడి ఒకే బాట మీద రోజూ ఎదురుపడి నమస్కారం పెట్టుకున్నారు గనుక. పార్కుకు అసలైన కంచె ఆ పరిచయమే.

నాలుగవది అన్నింటికన్నా కష్టమైనది. పార్కు మనది అన్నాక, 'మన' అనే మాట ఎక్కడిదాకా అన్నది. పార్కును బాగుచేసిన పెద్దలు కొంతకాలానికి దానికి యజమానులైపోవటం లోకంలో ఉన్నదే. బంతి ఆడే పిల్లలను కసురుతారు, ఆసుపత్రిలో రోగికి తోడుగా వచ్చి చెట్టుకింద కునుకు తీసే పల్లెటూరి మనిషిని లేపుతారు, కోచింగు సెంటరు నుంచి వచ్చి బెంచీ మీద చదువుకునే కుర్రవాళ్లను అనుమానంగా చూస్తారు, పగలంతా గేటుకు తాళం వేయిస్తారు. వైద్యం కోసమూ చదువు కోసమూ మన పేటకు ఎన్ని ఊళ్ల నుంచి జనం వస్తారో మనకు తెలుసు. వాళ్లకు ఇక్కడ కూర్చోవటానికి వేరే చోటేది? తాళం వేసిన పార్కు శుభ్రంగా ఉండవచ్చు, అది మాత్రం పార్కు కాదు. బెంగళూరు నివాసులు గెలిచినది తమ కోసం ఒక క్లబ్బు తోటను కాదు, అందరి కోసం విడిచిన జాగాను. మన రామదండులో చేరటానికి పిల్లలూ, పేదలూ, పనిమనుషులూ, అందరూ అర్హులే. పిల్లలకు ఆడుకునే వేళ ఒకటి, మనకు నడిచే వేళ ఒకటి మాట్లాడుకుంటే తగవే లేదు. బంతి ఆడే పిల్లవాడికి ఒక మొక్క అప్పగించి చూడండి, బంతి దాని మీద పడకుండా వాడే కాపలా కాస్తాడు.

అయిదవది మన ఒంటి సంగతి. సేవ పేరుతో సాహసాలు వద్దు. నిచ్చెన ఎక్కటం, కొమ్మలు నరకటం, కరెంటు తీగల దగ్గరకు పోవటం మన పని కాదు. పొదల్లోకి చేయి పెట్టేముందు కర్రతో కదిలించి చూడాలి. బి.పి., షుగరు మందులు వేసుకునేవారు ఖాళీ కడుపుతో పార పట్టరాదు. ఎండ ఎక్కకముందే ఇంటికి చేరాలి. మోకాళ్ల నొప్పులున్నవారు రిజిస్టరు రాయవచ్చు, చూపు తగ్గినవారు కొత్తగా వచ్చినవారిని పలకరించవచ్చు. పలకరింపు చిన్న సేవ కాదు. మన వయసులో ఇంట్లో అందరూ ఉండి ఒంటరైపోయినవారు ఉన్నారు, పిల్లలు పరదేశంలో ఉండి నిజంగానే ఒంటరిగా ఉన్నవారూ ఉన్నారు. రోజూ వచ్చే మనిషి రెండు రోజులు రాకపోతే, 'ఆయన ఎందుకు రాలేదు, ఒకసారి ఇంటికి వెళ్లి చూసి వద్దాం' అనే నలుగురు పార్కులో ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ పార్కుకే కాదు, మనకు కూడా దొరికినట్లే.

అక్కయ్యలకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ఇటువంటి సంఘాల్లో కుర్చీలు మగవారికి, పని ఆడవారికి పడటం ఆనవాయితీ. ఈ పనిలో అలా జరగకూడదు. ఏ మొక్కకు ఎప్పుడు ఎన్ని నీళ్లో, ఏ తెగులుకు వేపపిండి చాలో, పెరడున్న రోజుల్లో చేసినది మీరే. ఆ అనుభవం ఉన్నవారే సమితికి పెద్దలుగా ఉండటం న్యాయం. సాయంత్రం చీకటి పడ్డాక ఏ మూలన దీపం లేక ఆడపిల్లలు అటు వెళ్లటం లేదో చెప్పగలిగేది కూడా మీరే.

చివరగా ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. మన సంఘం సభ్యుల్లో పన్నెండు మంది చాలు. రోజుకు ఇద్దరు చొప్పున, వారానికి ఆరు రోజులు. ఆదివారం అందరూ. ఉదయం ఆరు నుంచి ఏడున్నర వరకు. ఒక రిజిస్టరు, ఒక కలం, ఒక మంచినీళ్ల సీసా. నెలకొకసారి నగరపాలక సంస్థకు ఒక పేజీ నివేదిక, దాని నకలు మన పత్రికకు. ఆ నివేదికలో మొదటి వాక్యం ఫిర్యాదు కాకుండా, ఆ నెలలో తోటమాలి చేసిన మంచి పని అయి ఉండాలి. ఏడాది గడిచాక, వచ్చే డిసెంబరు 17న ఇదే సభలో ఆ రిజిస్టరును చదువుదాం. ఆ రోజు వేదిక మీద ఒక కుర్చీ పార్కు తోటమాలికి వేయాలని నా కోరిక. అతని కూలి రేటు, ప్రావిడెంటు ఫండు సంగతులు మన సంఘం తీర్మానాల్లో చేరాలని కూడా నా కోరిక. హక్కు అన్నది మన ఒక్కరితో ఆగిపోతే దానికి విలువ ఉండదు.

పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిసిన తరువాత కార్యదర్శిగారి దగ్గర కాగితం మీద రాయగలరు.